షెల్టర్ నుంచి తొమ్మిదేళ్ల లాబ్రడార్: దత్తత ఎలా జరిగింది, ఏమేం చూసుకోవాలి

షెల్టర్లలో కుక్కపిల్లల గూటి ముందు ఎప్పుడూ జనం ఉంటారు. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్క దగ్గరికి వచ్చేసరికి "ఇంకెన్నాళ్లుంటుందిలే" అనుకుని ముందుకి వెళ్లిపోతారు. మేము హైదరాబాద్‌లోని ఒక షెల్టర్ నుంచి సుమారు తొమ్మిదేళ్ల ఆడ లాబ్రడార్‌ని తెచ్చుకున్నాం. షెల్టర్ వాళ్లు దానికి బంగారి అని పేరు పెట్టారు, అదే ఉంచాం. పెద్ద వయసు కుక్కని తెచ్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం, ఏ దశలో ఏం చేయాలో, ఎక్కడ పని చెడుతుందో రాస్తున్నాను.

ఈ అనుభవం నుంచి నాకు గట్టిగా తెలిసింది ఒకటే. కుక్కలో మనం ముసలితనం అనుకునేదాంట్లో చాలా భాగం వైద్యం అందని జబ్బు. పిడుదుల వల్ల వచ్చే జ్వరం, పాడైపోయిన పళ్లు, కీళ్ల నొప్పి, పెరిగిపోయిన గోళ్లు, ఒళ్లు. వీటిలో ప్రతిదానికీ చేయగలిగింది ఉంది. చేస్తే నెలల్లో కుక్క మారడం కళ్లారా చూస్తాం. కుక్కపిల్లని పెంచితే ఆ సంతోషం వేరు. పడుకున్న చోటు నుంచి లేవని కుక్క మళ్లీ తోక ఊపుతూ గుమ్మం దాకా రావడం చూసే సంతోషం మాత్రం పెద్ద కుక్కని తెచ్చుకున్నవాళ్లకే దక్కుతుంది.

దీనికి తోడు, పెద్ద కుక్క విషయంలో ఊహించుకోవాల్సింది తక్కువ. ఎంత పెరుగుతుంది, ఎలాంటి స్వభావం వస్తుంది అనే ప్రశ్నలు ఉండవు, అవన్నీ ఎదురుగానే కనిపిస్తాయి. లాబ్రడార్ పిల్లకి ఆరేడు నెలల దాకా పళ్లు వస్తూనే ఉంటాయి, చెప్పులూ సోఫా మూలలూ కొరుకుతుంది, రెండేళ్లు వచ్చేదాకా దాని ఉరుకులు ఆగవు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇది చిన్న విషయం కాదు. లీష్ పట్టుకుని ఉండగా కుక్క ఒక్కసారి గుంజితే డెబ్బై ఏళ్ల మనిషి తుంటి ఎముక విరగొచ్చు. తొమ్మిదేళ్ల కుక్క నడక మా అత్తయ్య నడకతో సరిపోయింది. రోజులో ఎక్కువ భాగం పడుకునే ఉంటుంది. బయటికి వెళ్లాలంటే తలుపు దగ్గర నిలబడి మన వైపు చూస్తుంది. ఒకప్పుడు ఎవరో నేర్పిన పద్ధతులు అవి, మనకి నేర్పే పని లేకుండా వచ్చాయి.

షెల్టర్‌లో చూడాల్సినవి

జాతి కుక్కలు షెల్టర్‌కి చేరే దారులు కొన్నే. ఇల్లు మారడం, విదేశాలకి వెళ్లడం, పాప పుట్టడం, వైద్యం ఖర్చు. ఇక ఈనడానికి పనికిరాదనుకున్న ఆడకుక్కల్ని బ్రీడర్లు వదిలేయడం ఇంకో దారి. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, తిండీ నీళ్లూ లేక బాధపడే పరిస్థితిలో జంతువుని వదిలేయడం నేరమే. మొదటిసారి తప్పుకి చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అంత తక్కువ జరిమానాకి భయపడేదెవరు? అందుకే తెల్లవారేసరికి షెల్టర్ గేటుకి కట్టేసిన కుక్కలు కనిపిస్తుంటాయి. హైదరాబాద్‌లో 1992 నుంచి పనిచేస్తున్న బ్లూ క్రాస్, విశాఖపట్నంలో వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు పేరున్నవి. ఇవి కాక సొంత డబ్బుతో నడిపే చిన్న షెల్టర్లూ, ఇంట్లోనే పెట్టుకుని సాకే ఫాస్టర్లూ ఉన్నారు. ఫాస్టర్ ఇంట్లో ఉన్న కుక్క దొరికితే ఇంకా మంచిది. ఇంటి వాతావరణంలో అది ఎలా ఉంటుందో వాళ్లు చెప్పగలరు.

కార్డు మీద రాసిన వయసు అంచనా మాత్రమే. పళ్ల అరుగుదల, పాచి, మూతి మీద నెరుపు, కంటి పాప చూసి చెబుతారు. తొమ్మిది అని రాసి ఉంటే అది ఏడూ కావచ్చు, పదకొండూ కావచ్చు. ఏడేళ్లు దాటాక చాలా కుక్కల కళ్లలో నీలిరంగు పొర కనిపిస్తుంది. అది కంటి కటకం వయసుతో గట్టిపడటం వల్ల వచ్చేది, చూపు దాదాపు మామూలుగానే ఉంటుంది. శుక్లమైతే తెల్లగా, పాలు పోసినట్టు కనిపిస్తుంది, చూపు అడ్డుతుంది. చాలామంది ఆ నీలిపొర చూసి గుడ్డిదనుకుని వద్దంటారు. గోడ పక్కన నడిపిస్తూ ఒక దూది ఉండ ముందు పడేస్తే చాలు, చప్పుడు రాదు కాబట్టి చూపుంటేనే తల తిప్పుతుంది.

కుక్క పడుకున్నప్పుడే వెళ్లి, అది లేచే తీరు చూడాలి. ముందుకాళ్ల మీద లేచి, వెనుక భాగాన్ని లాగుతున్నట్టు లేస్తే తుంటి కీళ్లలో నొప్పి ఉందని అర్థం. పెదవి పైకెత్తి చిగుళ్లు చూడాలి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పాలిపోయి ఉంటే రక్తం తక్కువ, మన దగ్గర దానికి ముందుగా అనుమానించాల్సింది పిడుదుల జ్వరమే. ఆడకుక్క అయితే పొదుగు వరస మొత్తం వేళ్లతో తడిమి గడ్డలున్నాయేమో చూడాలి. లాబ్రడార్లకి పక్కటెముకల మీద మెత్తగా కదిలే కొవ్వు గడ్డలు మామూలే, అయినా సూదితో కణాలు తీసి పరీక్ష చేయించకుండా కొవ్వు గడ్డే అని ఎవరూ చెప్పలేరు.

వీధికుక్కల్లో జననాంగం దగ్గర రక్తం కారే, క్యాలీఫ్లవర్‌లా ఉండే గడ్డ ఒకటి కనిపిస్తుంటుంది. ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి అంటుకునే కంతి అది. చూడటానికి భయంగా ఉన్నా, వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ ఇస్తే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో పూర్తిగా పోతుంది. దాన్ని చూసి కుక్కని కాదనుకోవడం అన్యాయం.

అడగాల్సిన ప్రశ్నలు: ఎవరు వదిలారు, కారణం ఏం చెప్పారు, తిండి గిన్నె దగ్గరికి ఇంకో కుక్క వస్తే ఏం చేస్తుంది, పిల్లులతో ఎలా ఉంటుంది, చివరిసారి ఎదకి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, నీళ్లు ఎక్కువ తాగుతోందా. ఆపరేషన్ అయిన వీధికుక్కకి చెవి కొసన గాటు ఉంటుంది. జాతి కుక్కకి ఆ గుర్తు ఉండకపోవచ్చు కాబట్టి అడిగి తెలుసుకోవాలి.

కాగితాలు

ఫారం, ఆధార్ నకలు, చిరునామా రుజువు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నట్టు కాగితం. తరవాత ఇల్లు చూడటానికి వస్తారు. బాల్కనీ గ్రిల్ సందు ఎంతుంది, గేటు కింద నుంచి దూరిపోగలదా, డాబా పిట్టగోడ ఎంత ఎత్తు, కుక్క ఎక్కడ పడుకుంటుంది, మీరు ఊరెళితే ఎవరు చూస్తారు అని అడుగుతారు. కొందరికి ఇది అవమానంగా తోస్తుంది. ఒకసారి వదిలేయబడ్డ కుక్క విషయంలో వాళ్లు అంత జాగ్రత్తగా ఉండటమే సరైనది. ఒప్పంద పత్రంలో సాధారణంగా ఉండే షరతులు: పిల్లలు వేయించకూడదు, ఇంకొకరికి ఇచ్చేయకూడదు, ఉంచుకోలేకపోతే షెల్టర్‌కే తిరిగి ఇవ్వాలి, అడిగినప్పుడు ఫోటోలు పంపాలి.

రేబిస్ టీకా సర్టిఫికెట్ చేతికొచ్చాక నగరపాలక సంస్థలో పెంపుడు కుక్క లైసెన్స్ తీసుకోవాలి. మైక్రోచిప్ ఉంటే 15 అంకెల నంబరు వస్తుంది. ఆ నంబరు మీద మీ పేరూ ఫోనూ మార్పించకపోతే, కుక్క తప్పిపోయినప్పుడు ఫోన్ పాత యజమానికి వెళ్తుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు కుక్కలు వద్దంటే, పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం వాళ్లకి లేదని భారత జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పత్రం ఒక కాపీ దగ్గర పెట్టుకుంటే మాట పెరగకుండా తేలిపోతుంది.

ఇంటికి తెచ్చే ముందు నేల

దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. మన ఇళ్లలో గ్రానైటు, మార్బుల్, విట్రిఫైడ్ టైల్స్ ఉంటాయి. వాటి మీద పెద్ద కుక్క వెనుక కాళ్లు రెండు వైపులకీ జారిపోతాయి. పట్టు కోసం గోళ్లు బిగిస్తుంది, టైల్ మీద గోరు దిగదు, ఇంకా జారుతుంది. రెండుసార్లు పడ్డాక భయంతో కదలడం మానేస్తుంది. కదలకపోతే తొడ కండ తరిగిపోతుంది, కండ తరిగాక నిలబడటమే కష్టమవుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు "వయసైపోయింది, కాళ్లు పడిపోయాయి" అంటారు.

అడుగున రబ్బరు ఉన్న పట్టాలు గానీ, యోగా మ్యాట్లు గానీ రెండడుగుల వెడల్పున కోసి, పడక నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి బయటి తలుపు దాకా సందు లేకుండా పరవాలి. గోనె సంచి, దుప్పటి పనికిరావు, టైల్ మీద అవే జారతాయి. బంగారి మొదట్లో పట్టా అంచు మీద ముందుకాలు పెట్టి, కాస్త బరువు వేసి, అది కదలదని చూసుకున్నాకే రెండో కాలు పెట్టేది. అంతకుముందు నేల మీద ఎంత భయపడి ఉంటుందో ఆ ఒక్క కదలికలో అర్థమైంది.

గోళ్లు కూడా దీంతో ముడిపడినవే. నడుస్తుంటే టక్ టక్ మని వినిపిస్తే గోళ్లు ఎక్కువైనట్టే. ఏళ్ల తరబడి కత్తిరించని గోటిలో రక్తనాళం కూడా పొడవుగా పెరిగి ఉంటుంది, ఒకేసారి పొట్టిగా కోస్తే రక్తం కారుతుంది, ఆ నొప్పి తరవాత పాదం ముట్టుకోనివ్వదు. వారానికోసారి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తీస్తే లోపలి నాళం మెల్లగా వెనక్కి పోతుంది. అరికాళ్ల మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు కత్తెరతో సమంగా తీసేస్తే పట్టు మరికాస్త పెరుగుతుంది. పడకకి నాలుగు అంగుళాల గట్టి ఫోమ్, ఉతకగలిగే తొడుగు, మధ్యలో తడి దిగని షీటు. గట్టి నేల మీద పడుకుంటే మోచేతుల దగ్గర కాయలు కాసి నీరు చేరుతుంది.

మొదటి వారాలు

పగటిపూట, ఇంట్లో జనం తక్కువగా ఉన్న రోజు తేవాలి. చుట్టాలని పిలవొద్దు. ఒకే గది చూపించి, షెల్టర్‌లో పెట్టిన తిండే కొన్ని రోజులు పెట్టాలి. తరవాత వారం పది రోజుల్లో కొత్త తిండి కొద్దికొద్దిగా కలుపుతూ మారాలి. ఒక్కసారిగా మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి, అది జబ్బో తిండి తేడానో తెలియక మందులు మొదలవుతాయి. కుదురుకోవడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని షెల్టర్ల వాళ్లు ఒక లెక్క చెబుతారు. భయం తగ్గడానికి రోజులు, ఇంటి వేళలు అలవాటవడానికి వారాలు, ఇది నా ఇల్లే అని నమ్మడానికి నెలలు. పెద్ద కుక్కల విషయంలో ఆ చివరి దశకి తొందరపెట్టకూడదు.

వినికిడి తగ్గిన కుక్కని నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవొచ్చు. ముందు నేల మీద పాదంతో తట్టాలి, ఆ అదురు దానికి తెలుస్తుంది. పిల్లలకి ఈ మాట మొదటి రోజే చెప్పాలి. చూపు తగ్గిన కుక్క ఉంటే కుర్చీలూ బల్లలూ జరపకూడదు.

ఇంట్లో మూత్రం పోస్తే మొండితనం అనుకోవద్దు. ముందు మూత్ర పరీక్ష చేయించాలి. నీళ్లు కొలిచి పోయండి. కుక్క రోజుకి కిలో బరువుకి సుమారు 50, 60 మిల్లీలీటర్లు తాగడం మామూలు. 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 30 కిలోల కుక్క మూడు లీటర్లకి మించి తాగుతుంటే, మూత్రపిండాలు, షుగర్, గర్భాశయంలో చీము ఇలా ఏదో ఒకటి ఉందని అనుమానించాలి. రాత్రిపూట నిద్ర లేకుండా గోడ మూలలో నిలబడిపోవడం, తెలిసిన గదిలో దారి తప్పడం ఉంటే మెదడు మందగించే వ్యాధి కావచ్చు, డాక్టరుకి చెప్పాలి.

పరీక్షలు, పిడుదుల జ్వరం

మొదటి వారంలోనే రక్తపరీక్షకి ఇవ్వాలి. రక్తకణాల లెక్క, రక్తపు పూత (గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోప్‌లో చూసేది), కాలేయం, మూత్రపిండాల పని చెప్పే క్రియాటినిన్, యూరియా, షుగర్, మూత్రం. లాబ్రడార్ మందకొడిగా, లావుగా ఉండి వెంట్రుకలు పలచబడితే థైరాయిడ్ కూడా. థైరాయిడ్ తక్కువైన కుక్క అచ్చం ముసలికుక్కలాగే ఉంటుంది, రోజూ మాత్ర వేస్తే కోలుకుంటుంది. క్రియాటినిన్ మామూలుగా ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మూత్రపిండాల పనిలో దాదాపు 75 శాతం పోయేదాకా అది పెరగదు. మూత్రం చిక్కదనం అంతకన్నా ముందే తేడా చూపిస్తుంది, అందుకే ఉదయపు మూత్రం సీసాలో పట్టుకెళ్లాలి.

పెద్ద ప్రైవేటు క్లినిక్కులే దిక్కు కాదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ఆంధ్రలో తిరుపతి, గన్నవరం వెటర్నరీ కళాశాలలకి ఆసుపత్రులున్నాయి. ఏటా జూలై 6న, జూనోసిస్ దినం సందర్భంగా పశుసంవర్ధక శాఖ రెండు రాష్ట్రాల్లోనూ ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంది. పాత టీకాల కార్డు లేని కుక్కకి రేబిస్ టీకా మొదటి వరుస. ఎలుకల మూత్రం ద్వారా అంటుకునే లెప్టోస్పైరా జబ్బుకి టీకా రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి, ఆపైన ఏటా ఒకటి.

బంగారి రిపోర్టులో ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి సుమారు రెండు నుంచి ఐదు లక్షలు ఉండాలి. ఎర్లిషియా అని తేలింది. మన ప్రాంతంలో గోధుమరంగు పిడుదు వల్ల వచ్చే జబ్బుల్లో ఇది ముఖ్యమైనది. జ్వరం వచ్చి తగ్గిపోతుంది, క్రిమి మాత్రం లోపలే ఉండి నెలల తరబడి రక్తాన్ని తినేస్తుంది. కుక్క నీరసంగా పడి ఉంటుంది, తిండి సగం వదిలేస్తుంది. వయసు వల్ల అనుకుంటాం.

మందు డాక్సీసైక్లిన్. సాధారణంగా రోజుకి కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు, మోతాదు డాక్టరే రాయాలి. ఇక్కడ పని చెడేది రెండు చోట్ల. ఒకటి, నాలుగైదు రోజుల్లో కుక్క హుషారు కాగానే మందు ఆపేస్తారు. అప్పుడు జబ్బు తిరగబెట్టి ఎముక మజ్జ దాకా వెళ్తే ఇక లొంగదు. రెండు, మన ఇళ్లలో మాత్రని పెరుగన్నంలో కలిపి పెడతారు. పాలూ పెరుగులోని కాల్షియం ఈ మందు ఒంటికి పట్టకుండా కొంత అడ్డుకుంటుంది. ఉడికించిన కోడిగుడ్డులోనో చికెన్ ముక్కలోనో దాచి పెట్టి, వెంటనే నీళ్లు గానీ చికెన్ ఉడికించిన నీళ్లు గానీ తాగించాలి. గొంతులో మాత్ర ఇరుక్కుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. ఖాళీ కడుపున ఇస్తే వాంతి. 28 రోజులూ అయ్యాక ప్లేట్‌లెట్లు మళ్లీ చూపించాలి. డాక్సీసైక్లిన్ వేసినా రక్తం పెరగకపోతే పిడుదుల వల్లే వచ్చే ఇంకో రక్తపు జబ్బు బబీసియా ఉందేమో, క్రిమి జన్యువుని పట్టుకునే పీసీఆర్ పరీక్ష చేయించాలి. రక్తపు పూతలో అది దొరక్కుండా పోవచ్చు, దాని మందులు వేరు.

పిడుదుల్ని కుక్క ఒంటి మీద మాత్రమే చంపితే సగం పనే. ఆడపిడుదు నెత్తురు తాగాక కిందికి దిగి, గోడ పగుళ్లలో, కిటికీ చెక్కల వెనుక వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పగుళ్లు సిమెంటుతోనో పుట్టీతోనో పూడ్చాలి, పడక తొడుగులు వేడినీళ్లలో ఉతకాలి. ఒంటి మీద ఉన్నదాన్ని చిన్న పట్టకారుతో (ట్వీజర్) చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగి, స్పిరిట్‌లో వేయాలి. వేళ్లతో నలపొద్దు. కిరసనాయిలు పూయడం చర్మాన్ని కాలుస్తుంది. నోటి మాత్రల్లో నెలకోసారి వేసేవీ, ఫ్లూరలానర్ లాగా పన్నెండు వారాలు పనిచేసేవీ ఉన్నాయి. ఫిట్స్ చరిత్ర ఉంటే ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి, ఈ రకం మందులు ఫిట్స్ తెప్పించవచ్చు.

గర్భాశయం, పళ్లు

తొమ్మిదేళ్ల కుక్కకి ఇప్పుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎందుకని చాలామంది అడిగారు. పిల్లల కోసం కాదు ఈ ఆపరేషన్. ఆపరేషన్ కాని పెద్ద ఆడకుక్కకి ఎదకి వచ్చి వెళ్లిన ఒకటి రెండు నెలల్లో గర్భాశయంలో చీము పట్టే ప్రమాదం ఎక్కువ. నీళ్లు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, వాంతులు, కొన్నిసార్లు చీము కారడం దాని గుర్తులు. గర్భాశయ ముఖం మూసుకుని ఉంటే చీము బయటికే రాదు, అదే మరీ ప్రమాదం. గంటల్లో ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, అదీ కుక్క నీరసించి ఉన్నప్పుడు. ప్లేట్‌లెట్లు కోలుకుని, కాలేయం, కిడ్నీ, గుండె బాగున్నాయని చూసుకుని, తీరిగ్గా చేయించడం ఎంతో మేలు.

అదే మత్తులో, గర్భాశయం తీసి కుట్లు వేయడం పూర్తయ్యాక పళ్లు శుభ్రం చేశారు. మళ్లీ ఇంకోసారి మత్తు ఇవ్వకుండా ఉండటానికి డాక్టరు గారు ఈ వరస ఎంచుకున్నారు. దవడ పళ్ల మీద గోధుమరంగు రాయిలా పేరుకున్న పాచిని తీస్తే, దాని కింద రెండు పళ్లు వేళ్లు బయటపడి కదులుతున్నాయి. పాచే వాటిని నిలబెట్టి ఉంచింది. పీకేశారు. పళ్లు లేకపోతే ఎలా తింటుందనే భయం అక్కర్లేదు. నొప్పి పెట్టే పన్ను ఉన్నప్పటికన్నా అది పోయాకే బాగా తింటాయి. చిగుళ్లు మానేదాకా మెత్తని తిండి, కుట్లు విప్పే దాకా, అంటే పది నుంచి పద్నాలుగు రోజులు, కుట్లు నాకకుండా మెడకి పెట్టిన గరాటు లాంటి కోన్ తీయకూడదు. జాలిపడి రాత్రిపూట కోన్ తీసేస్తేనే కుట్లు ఊడేది.

నొప్పి, తిండి, బరువు

కీళ్ల నొప్పికి డాక్టరు మెలాక్సికామ్ లాంటి మందు రాస్తారు. కిడ్నీ, కాలేయం పరీక్షలు చూడకుండా అది మొదలుపెట్టకూడదు, తిండి తిన్నాకే వేయాలి. మనుషులకి వాడే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంట్లో ఉన్నాయి కదా అని వేయొద్దు. కడుపులో పుండ్లు పడి, కిడ్నీలు, కాలేయం దెబ్బతింటాయి. పిల్లికైతే పారాసిటమాల్ ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది. అరగంట నడక ఒకేసారి కాకుండా పదేసి నిమిషాలు మూడుసార్లు తిప్పితే కీళ్లు బిగుసుకోవు.

మందుకన్నా బలంగా పనిచేసేది బరువు తగ్గడం. ఆరేడు శాతం తగ్గినా కుంటే కుక్క నడకలో తేడా తెలుస్తుంది. ఇంటి తూకం మీద మీరు ఎత్తుకుని నిలబడి, తరవాత మీ బరువు తీసేస్తే లెక్క వస్తుంది. ఎత్తలేనిదైతే క్లినిక్ తూకమే. బంగారి 34 కిలోలు ఉంది, ఉండాల్సింది 28. తగ్గించడానికి 28 కిలోల లెక్కన రోజుకి సుమారు 850 క్యాలరీలు పెట్టమన్నారు. ఇంటి తిండిలో అది ఇలా వస్తుంది: వండిన అన్నం 250 గ్రాములు, చర్మం తీసి ఉడికించిన చికెన్ 250 గ్రాములు, ఉడికించిన గుమ్మడికాయ 200 గ్రాములు, ఒక గుడ్డు. దీన్ని రెండు పూటలకి పంచాలి. వారానికి ఒకటి రెండు శాతం తగ్గితే సరైన వేగం. అన్నం చికెన్‌లో కాల్షియం లేదు కాబట్టి, మెత్తగా పొడి చేసిన గుడ్డు పెంకు అర చెంచా కలపాలి. డాక్సీసైక్లిన్ నడుస్తున్నంత కాలం మాత్ర వేళకీ దీనికీ మధ్య గంటలు ఎడం ఉండాలి. మిగతా విటమిన్లు, ఖనిజాల కోసం డాక్టరు చెప్పిన పొడి తప్పనిసరి. ఉత్త అన్నం చికెన్ నెలల తరబడి పెడితే లోపాలు వస్తాయి.

చెడేది ఎక్కడంటే, ఇంట్లో నలుగురూ నాలుగు చేతులతో పెట్టడం దగ్గర. పొద్దున ఇడ్లీ ముక్క, టీలో ముంచిన బిస్కెట్టు, మధ్యాహ్నం పెరుగన్నం. ఆ రోజు లెక్క అంతటితో పోయింది. రోజుకి సరిపడా తిండిని పొద్దునే ఒక డబ్బాలో కొలిచి పెట్టి, ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలని చెప్పాం, అత్తయ్య సహా అందరూ పాటించారు. ఉల్లి, వెల్లుల్లి వేసిన పప్పూ కూరలూ, కిస్‌మిస్ పడిన పాయసం, ద్రాక్ష, చాక్లెట్ ఇవి విషంతో సమానం. ఉడికిన కోడి ఎముకలు విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

మార్పు

మొదట కనిపించేది చిగుళ్ల రంగు. డాక్సీసైక్లిన్ కోర్సు పూర్తయ్యేసరికి పాలిపోయిన చిగుళ్లు గులాబీ రంగుకి వచ్చాయి. పళ్లు తీసిన తరవాత గిన్నె ముందు తల పక్కకి వంచి ఒకవైపే నమలడం ఆగిపోయింది. నొప్పి మందు, పట్టాలు, బరువు మూడూ కలిసొచ్చాక, లేవడానికి రెండు మూడు సార్లు ప్రయత్నించే కుక్క ఒక్కసారికే లేస్తోంది. వీపు మీద రాలిపోయిన చోట మెత్తని కొత్త వెంట్రుకలు వచ్చాయి. అన్నిటికన్నా ఆశ్చర్యం ఆట. ఆటే తెలియదనుకున్న కుక్క, ముందుకాళ్లు చాపి వెనుక భాగం పైకెత్తి, చెప్పుల స్టాండు దగ్గర దొరికిన పాత టెన్నిస్ బంతిని మా ముందు పడేసింది. ఎవరో ఒకప్పుడు దానితో బంతాట ఆడారు. నొప్పి పోయాక గుర్తొచ్చింది.

అత్తయ్య మధ్యాహ్నం కునుకు తీసే మంచం పక్కనే దాని చోటు. ఆవిడ లేస్తే అదీ లేస్తుంది. వీధిలోకి వెళ్లడం మానేసిన ఆవిడ, దాన్ని తిప్పాలి కదా అని ఉదయం ఏడు లోపు, సాయంత్రం నేల చల్లబడ్డాక గేటు దాకా నడుస్తున్నారు. ఎండాకాలంలో రోడ్డు మీద అరచేతి వెనుక వైపు ఏడు సెకన్లు ఆనించి, చేతికి ఓర్చుకోలేనంత వేడిగా ఉంటే కుక్కని దింపకూడదు.

పండగల ముందు, ముఖ్యంగా దీపావళికి, పెద్ద కుక్కల గుండె సంగతి ఆలోచించాలి. టపాసులకి వణికే కుక్కకి గాబాపెంటిన్ లాంటివి ముందుగా రాయించుకుని, పేలుళ్లు మొదలవక ముందే వేయాలి. భయం పట్టుకున్నాక వేస్తే పనిచేయవు. లోపలి గదిలో కిటికీలు మూసి, ఫ్యాన్ వేసి, మెడపట్టీకి ఫోన్ నంబరున్న బిళ్ల కట్టి ఉంచాలి.

ఖర్చు మొదటి మూడు నెలల్లోనే ఎక్కువ. పరీక్షలు, ఆపరేషన్, పళ్లు. ఆ తరవాత తిండి, పిడుదుల మాత్ర, నొప్పి మందు మిగులుతాయి. పెంపుడు కుక్కల బీమాలకి ప్రవేశ వయసు పరిమితి ఉంటుంది, పెద్ద కుక్కకి దాదాపు దొరకదు. అందుకే నెలనెలా ఒక మొత్తం విడిగా పక్కన పెట్టుకోవాలి. ఇంట్లో పగలంతా ఎవరూ ఉండనివాళ్లు, లిఫ్ట్ లేని మూడో అంతస్తులో 30 కిలోల కుక్కని మోయలేనివాళ్లు ఈ పనికి దిగకపోవడం మేలు. వాళ్లు ఐదారు కిలోల పొమరేనియన్‌నో, పెద్ద వయసు పిల్లినో అడగొచ్చు, షెల్టర్లలో అవీ ఉన్నాయి. పిల్లి రెండు రోజులు తినకపోతే మాత్రం ఆగకూడదు, కాలేయం దెబ్బతింటుంది. అనుమానంగా ఉన్నవాళ్లు దత్తతకి ముందు ఫాస్టర్‌గా కొన్నాళ్లు తెచ్చుకుని చూడటానికి చాలా షెల్టర్లు ఒప్పుకుంటాయి.

ఇక మిగిలేది ఆరు నెలలకోసారి చేయాల్సిన పరీక్షలు. రక్తం, మూత్రం, బరువు, పొదుగు గడ్డలు, గుండె చప్పుడు. ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది, దానికి ఖర్చు లేదు. కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు పక్కటెముకలు పైకి లేచి దిగడాన్ని ఒక ఊపిరిగా లెక్కపెట్టి, నిమిషానికి ఎన్నో వారానికోసారి క్యాలెండర్ మీద రాయండి. 30 లోపు ఉండాలి. కల కంటూ కాళ్లు ఆడిస్తున్నప్పుడు లెక్క సరిగా రాదు, కాసేపాగి మళ్లీ చూడాలి. వరసగా 30 దాటుతుంటే దగ్గు మొదలయ్యేదాకా ఆగకుండా, ఆ క్యాలెండర్ పట్టుకుని అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి.